అణుశక్తికి కళ్ళెము వేసిన ఫెర్మీ

మానవుడు నిప్పును కనుగొని ఎన్ని వేల యేండ్లు గడచినవో ఎవ్వరును చెప్పజాలరు. మొట్టమొదట నిప్పు రాజేసినవాని పేరు చరిత్రకెక్కలేదు. కాని పరమాణు గర్భమందలి శక్తిని వెలికి తీసి, దానిని మానవుడు తన చెప్పుచేతలలో నుంచుకొన్న దినమును, గడియను, స్థలమును మనము చెప్పగలము. అది 1942 వ సంవత్సరము డిసెంబరు 2 వ తేది, మధ్యాహ్నము 3 గంటల 25 నిమిషములు. స్థలము అమెరికా దేశమందలి షికాగో నగరము. ఆ కార్యమును నడిపినవాడు ఎన్రికో ఫెర్మీ అను ఇటలీ దేశీయుడు.

ఫెర్మీ 1901 వ సంవత్సరము సెప్టెంబరు 29 వ తేదీన రోము నగరమున జన్మించెను. తండ్రి ఆల్బెర్టో రైల్వే శాఖలో ఉద్యోగి. తల్లి ఈడా ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయిని. వారి ముగ్గురు బిడ్డలలో ఎన్రికో కడపటివాడు. ఏడాది పెద్దవాడగు అన్న జూలియోయే బాల్యమున అతని ఆటపాటలకు తోడు. అన్నదమ్ములిద్దరును చిన్నచిన్న విద్యుద్యంత్రములను స్వయముగా చేసి, నడపి ఆనందించుచుండెడివారు. 1915 వ సంవత్సరమున జూలియోకు గొంతులో కురుపు లేచెను. చిన్న శస్త్రచికిత్సయే గదా యని తల్లి ఆసుపత్రికి తీసికొనిపోయెను. కాని ఆ బాలుడు మరల ఇల్లు చేరలేదు. తల్లి దుఃఖమునకు మేర లేకపోయెను. పదమూడేండ్ల ఎన్రికో తన దుఃఖమును పైకి కనబడనీయలేదు. కొన్ని దినములైన పిమ్మట అతడొంటరిగా ఆ ఆసుపత్రి ముందుగా నడచి వెళ్ళెను. ఆ బాధను తాను ఓర్వగలనో లేదో పరీక్షించుకొనుటకే అట్లు చేసెను. నాటినుండి గ్రంథములే అతనికి తోడైనవి.

రోములో కాంపో దీ ఫియోరీ అను అంగడి వీధి కలదు. అక్కడ పాత పుస్తకములు చౌకగా దొరకును. ఎన్రికో తన చేతిఖర్చు డబ్బులతో అక్కడ 1840 వ సంవత్సరమున అచ్చయిన భౌతికశాస్త్ర గ్రంథమొకటి కొనెను. ఇంటికి వచ్చి దానిలో మునిగి, గ్రహముల చలనమును, తరంగముల తీరును అక్కకు వివరించి చెప్పుచు చదివెను. చదువుట ముగియు వేళకుగాని ఆ గ్రంథము లాటిను భాషలో నున్నదను మాటయే అతనికి తోచలేదట. విషయముపై అతని మనస్సు అంతగా లగ్నమై యుండెను. పెర్సికో అను సహాధ్యాయితో కలిసి అతడు భూమ్యాకర్షణ బలమును, రోము నగరపు కుళాయి నీటి సాంద్రతను కొలిచి చూచుచుండెను. పుస్తకమున నున్నదని నమ్మి ఊరకుండక, స్వయముగా కొలిచి తెలిసికొను అలవాటు నాడే అతనికి అబ్బెను. తండ్రి కచ్చేరీలోని ఆమిడేయి అను ఇంజనీరు ఈ బాలుని బుద్ధిసూక్ష్మతను గుర్తించి, ఒకదాని తరువాత నొకటిగా గణితగ్రంథములను ఎరువిచ్చెను. ఎన్రికో వానిలోని లెక్కలన్నియు చేసి, పుస్తకములను తిరిగి ఇచ్చివేయుచుండెను. ఒక కఠినమైన గ్రంథమును ఇంకొక ఏడాది ఉంచుకొమ్మని ఆయన చెప్పగా, అది తనకు జ్ఞాపకమున్నదనియు, ఇక అవసరము లేదనియు వినయముగా విన్నవించెను.

1918 వ సంవత్సరమున ఫెర్మీ పీసా నగరమందలి ప్రసిద్ధ విద్యాలయమున ప్రవేశ పరీక్షకు కూర్చుండెను. శబ్దధర్మములను గూర్చి వ్రాయుమని ప్రశ్న. పదునేడేండ్ల ఆ బాలుడు వ్రాసిన సమాధానము పరిశోధక పట్టమునకు తగినంత గంభీరముగా నున్నదని పరీక్షకుడు అబ్బురపడెను. 1922 వ సంవత్సరమున పట్టము పొంది, జర్మనీలోని గోటింగెనులోను, హాలండులోని లైడెనులోను కొంతకాలము పైచదువు సాగించి, 1926 వ సంవత్సరాంతమునకు రోము విశ్వవిద్యాలయమున ఆచార్య పదవికి ఎన్నుకొనబడెను. అప్పటికి అతని వయస్సు ఇరువదియైదేండ్లు. అమాల్డి, సెగ్రే, రాసెట్టి మొదలగు యువకులు అతని చుట్టును చేరిరి. వారు ఫెర్మీకి వేడుకగా పోప్ అని పేరు పెట్టిరి. రోమను కతోలిక మతగురువగు పోపు మతవిషయములలో పొరబడడని ఆ మతస్థుల విశ్వాసము. శాస్త్రవిషయములలో ఫెర్మీయు పొరబడడని ఆ యువకుల నమ్మకము.

1934 వ సంవత్సరమున ఫెర్మీ తన జీవితములోని గొప్ప పరిశోధనలకు పూనుకొనెను. పరమాణువు మధ్య కేంద్రకమను అతి సూక్ష్మమైన గర్భము కలదు. దానియందు విద్యుదావేశము లేని న్యూట్రానులను కణములుండును. ఈ న్యూట్రానులను బాణములవలె ఒక్కొక్క మూలకముపై ప్రయోగించి, ఏమి జరుగునో చూడవలెనని అతడు సంకల్పించెను. తేలికయైన మూలకములతో మొదలిడి వరుసగా పరీక్షించెను. మొదటివి కొన్ని ఏమియు ఫలము చూపలేదు. అయినను విసుగు చెందక సాగించి, తొమ్మిదవ మూలకమగు ఫ్లోరీనుకడ మొదటి ఫలమును గాంచెను. కొన్ని పదార్థములందు పుట్టిన రేడియోధార్మికత ఒక నిమిషములోపలనే క్షీణించును. కొలుచు పరికరమో, నడవకు ఆ చివరనుండెను. అందుచే ఆచార్యుడగు ఫెర్మీయు, అమాల్డియు ఆ పదార్థమును చేతబట్టుకొని నడవ పొడవున పందెమునకువలె పరుగెత్తుచుండెడివారు.

ఆ యేడు అక్టోబరు మాసమున ఒక వింత కనబడెను. ఒకే లోహమును కొయ్యబల్లపై నుంచి పరీక్షించిన ఒక ఫలితము, చలువరాతి బల్లపై నుంచిన వేరొక ఫలితము వచ్చుచుండెను. కారణమేమో తెలియలేదు. 22 వ తేదీన ఫెర్మీ న్యూట్రానులకు అడ్డుగా సీసపు దిమ్మను పెట్టదలచి, చివరి క్షణమున దానిని మాని పారఫిను మైనపు దిమ్మను పెట్టెను. వెంటనే రేడియోధార్మికత ఎన్నో రెట్లు హెచ్చెను. ఫెర్మీ మధ్యాహ్న భోజనమునకు పోయి, ఆ విరామమందే కారణమును ఊహించి తిరిగి వచ్చెను. గోలీ పోయి బండరాతికి తగిలిన అదే వేగముతో వెనుకకు మరలును. తనంతటిదే మరియొక గోలీకి తగిలిన తన వేగములో చాల భాగమును దానికి ఇచ్చివేసి మందగించును. మైనమునందును, కొయ్యయందును హైడ్రోజను మెండు. హైడ్రోజను కేంద్రకము న్యూట్రానుతో ఇంచుమించు సమానమైన బరువు కలది. దానితో పలుమారులు తగిలి న్యూట్రాను మందగించును. మందగతిగల న్యూట్రాను కేంద్రకమునకు సులభముగా చిక్కును. నీటియందును హైడ్రోజను కలదు గనుక, ఆ పరిశోధనాలయపు తోటలోని బంగారు చేపల నీటితొట్టిలో వారు మరల పరీక్షించిరి. ఊహ నిజమయ్యెను.

ఇంతటి ప్రతిభాశాలియు ఒకచోట పొరబడెను. అప్పటికి తెలిసిన మూలకములలో అన్నిటికంటె బరువైన యురేనియముపై న్యూట్రానులను ప్రయోగించినపుడు కొత్త పదార్థములు పుట్టినవి. యురేనియముకంటె బరువైన కొత్త మూలకములు పుట్టినవని ఫెర్మీయు, అతని మిత్రులును భావించిరి. యురేనియము ముక్కలై తేలిక మూలకములుగా మారియుండవచ్చునేమో పరీక్షింపవలెనని ఈడా నోడాక్ అను జర్మను శాస్త్రజ్ఞురాలు ఆనాడే వ్రాసెను. కాని ఎవ్వరును ఆ మాటను లెక్కచేయలేదు. వారు యురేనియముపై కప్పిన పలుచని అల్యూమినియము రేకు, ఆ ముక్కలు కొలుచు పరికరమును చేరకుండ అడ్డుపడెను. నాలుగేండ్లపాటు ఆ రహస్యము ఆ రేకు చాటుననే దాగియుండెను.

1938 వ సంవత్సరమున ఇటలీ నియంత ముస్సోలినీ యూదులపై క్రూరమైన చట్టములు చేసెను. ఫెర్మీ భార్య లారా యూదు కుటుంబమున పుట్టినది. భార్యాబిడ్డల క్షేమమునకై స్వదేశమును విడువ నిశ్చయించుకొన్న సమయముననే అతనికి నోబెల్ బహుమానము ప్రకటింపబడెను. డిసెంబరు 10 వ తేదీన స్టాక్‌హోములో ఆ బహుమానమందుకొని, ఫెర్మీ కుటుంబము రోమునకు తిరిగి పోలేదు. ఓడపై బయలుదేరి 1939 వ సంవత్సరము జనవరి 2 వ తేదీన న్యూయార్కు నగరమున దిగెను. వారి భయము వ్యర్థమైనది కాదు. ఇటలీలోనే నిలిచిపోయిన లారా తండ్రి, నౌకాసైన్యాధికారి యయ్యును, 1943 వ సంవత్సరమున బందీయై ఔష్విట్స్ మరణశిబిరమున ప్రాణములు కోల్పోయెను.

అమెరికా చేరిన కొద్దివారములకే ఫెర్మీ ఒక వార్త వినెను. జర్మనీలో హాన్, స్ట్రాస్‌మన్ అనువారు యురేనియమునుండి బేరియమను తేలిక మూలకము పుట్టుటను నిరూపించిరి. యురేనియము కేంద్రకము రెండుగా చీలుచున్నదని లీజె మైట్నరు, ఆమె మేనల్లుడగు ఫ్రిష్ వివరించిరి. తాను కొత్త మూలకములనుకొన్నవి నిజమునకు చీలిన ముక్కలని ఫెర్మీకి తెలిసెను. లోకమంతయు కొనియాడి బహుమానమిచ్చిన పనిలోనే తప్పు బయటపడెను. మరియొకడైన ఏవేవో సాకులు వెదకియుండును. ఫెర్మీ అట్లు చేయలేదు. తన బహుమాన ప్రసంగము అచ్చగునపుడు దాని అడుగున ఒక సూచన చేర్చి, ఆ విషయమంతయు మరల పరీక్షింపవలసియున్నదని తెలియజేసెను. పిదప ఆ చీలికనే గూర్చి పరిశోధన మొదలిడెను.

యురేనియము కేంద్రకము చీలినపుడు శక్తితోపాటు రెండు మూడు న్యూట్రానులు వెలువడును. అవి మరికొన్ని కేంద్రకములను చీల్చినచో మరికొన్ని న్యూట్రానులు పుట్టును. కార్తికమాసమున ఒక దీపముతో రెండు దీపములను, ఆ రెంటితో నాలుగింటిని వెలిగించినట్లు ఈ చర్య పెరుగుచు పోవును. దీనినే శృంఖలా చర్య యందురు. కాని పుట్టిన న్యూట్రానులలో కొన్ని బయటికి పారిపోవును, కొన్ని ఇతర పదార్థములందు చిక్కి వ్యర్థమగును. ఒక్కొక్క చీలికకు సగటున ఒక్క న్యూట్రానైనను మిగిలి మరియొక చీలికను కలిగింపనిచో దీపమారిపోవును. న్యూట్రానులను మందగింపజేయుటకు ఫెర్మీయు, హంగరీ దేశీయుడగు సిలార్డును గ్రాఫైటును ఎన్నుకొనిరి. గ్రాఫైటులో బోరాను లేశమాత్రమున్నను న్యూట్రానులను మ్రింగివేయును. కావున అతి శుద్ధమైన గ్రాఫైటును తయారు చేయింపవలసివచ్చెను. జర్మనీలోని శాస్త్రజ్ఞులు గ్రాఫైటు పనికిరాదని కొలతలో పొరబడి, దానిని విడిచిపెట్టిరి. ఒక్క కొలతలోని తప్పు ఒక దేశపు ప్రయత్నమునే దారి తప్పించెను.

రెండవ ప్రపంచ యుద్ధము సాగుచుండెను. హిట్లరు చేతికి ముందుగా అణ్వాయుధము చిక్కునేమో యను భయమే ఈ పరిశోధనకు వేగము కల్పించెను. 1942 వ సంవత్సరమున పని షికాగోకు మారెను. ఇటలీ శత్రుదేశమగుటచే, ఆ యేడు అక్టోబరు వరకును ఫెర్మీ శత్రుదేశీయుడుగా లెక్కింపబడుచు, ఊరు విడిచి పోవలెనన్న అనుమతి పొందవలసియుండెను. దేశమందలి పరమరహస్యమైన కార్యమును నడుపువాడును అతడే!

రియాక్టరును నగరమునకు దూరముగా ఆర్గాను అడవియందు కట్టదలచిరి. కాని అక్కడి భవన నిర్మాణము ఆలస్యమయ్యెను. విశ్వవిద్యాలయపు ఆటస్థలమందు, ప్రేక్షకులు కూర్చుండు మెట్ల క్రింద, బంతియాటకు కట్టిన గది యొకటి ఉండెను. దానియందే పని చేయవచ్చునని ఫెర్మీ చెప్పెను. చుట్టును లక్షలాది జనులు నివసించు నగరము. చర్య చేయి దాటిన గతియేమి? చీలికలో పుట్టు న్యూట్రానులలో నూటికి ఒకటికంటె తక్కువ పాలు కొన్ని క్షణములు ఆలస్యముగా వెలువడును. ఆ ఆలస్యమే మానవుని చేతికి వ్యవధి నిచ్చునని ఫెర్మీ లెక్కకట్టియుండెను. ఆ లెక్కను నమ్మి అధిపతియగు కాంప్టను అనుమతించెను.

నవంబరు 16 వ తేదీన నిర్మాణము మొదలయ్యెను. పగలు జిన్ను, రాత్రి ఆండర్సను పర్యవేక్షించుచు రెండు జట్లుగా పని నడపిరి. తాపీవాడు ఇటుకలు పేర్చినట్లు గ్రాఫైటు దిమ్మెలను వరుసపై వరుసగా పేర్చి, నడుమ యురేనియము ముద్దలను అమర్చిరి. గ్రాఫైటు పొడిచే అందరి మొగములును నల్లబడి బొగ్గుగని కూలీలవలె కనబడుచుండిరి. మొత్తము 57 వరుసలు. దిమ్మెలు సుమారు 45 వేలు. గ్రాఫైటు బరువు సుమారు 350 టన్నులు. ఫెర్మీ దీనికి పైల్, అనగా పేర్పు, అని సామాన్యమైన పేరే పెట్టెను. న్యూట్రానులను మ్రింగు కాడ్మియము పూతగల కడ్డీలను పేర్పులోనికి దూర్చి చర్యను ఆపియుంచిరి. వరుస ముగిసినప్పుడెల్ల కొలతలు తీసి, ఎన్నవ వరుసలో చర్య మొదలగునో ఫెర్మీ ముందుగనే నిర్ణయించెను.

డిసెంబరు 1 వ తేది రాత్రి 57 వ వరుస ముగిసెను. కడ్డీలను వెలుపలికి లాగినచో చర్య సాగునని ఆండర్సనునకు కొలతలవలన తెలిసిపోయెను. లోకమున ఎవ్వరును చూడని దానిని తానొక్కడే ముందుగా చూడవచ్చును. అయినను ఫెర్మీకిచ్చిన మాట నిలుపుకొని, అతడు కడ్డీలను లోపలనే బిగించి, తాళము వేసి ఇంటికి పోయెను. ఆ నిగ్రహము చిన్నది కాదు.

మరునాడు ఉదయము చలి తీవ్రముగా నుండెను. ఆ గదిలో సుమారు ఏబది మంది గుమిగూడిరి. వారిలో లియోనా వుడ్స్ అను యువతి యొక్కతెయే స్త్రీ. న్యూట్రానులను లెక్కించు పరికరముల తయారీలో ఆమె పాల్గొనియుండెను. ప్రమాదము సంభవించినచో తనంతట తానే లోనికి పడు కడ్డీ యొకటి యుండెను. త్రాటితో వ్రేలాడు మరియొక కడ్డీకడ ఆ త్రాటిని తెగవేయుటకు హిల్బెరీ గొడ్డలితో నిలువబడెను. అదియు చాలనిచో కాడ్మియము ద్రావణము గ్రుమ్మరించుటకు ముగ్గురు యువకులు పైన సిద్ధముగా నుండిరి. జార్జి వైల్ చివరి కడ్డీని ఫెర్మీ చెప్పిన మేరకు కొంచెము కొంచెముగా లాగుచుండెను. లాగునప్పుడెల్ల సూచిక ఎంతవరకు పెరిగి ఆగునో ఫెర్మీ గణనపు బద్దతో లెక్కకట్టి ముందుగా చెప్పెను. ప్రతిసారియు సూచిక అక్కడనే ఆగెను.

మధ్యాహ్నము కావచ్చినది. అకస్మాత్తుగా పెద్ద చప్పుడయ్యెను. అందరును ఉలికిపడిరి. తక్కువ మోతాదునకు అమర్చియుండుటచే రక్షణ కడ్డీ తానే లోనికి పడెను. విజయము ఇంకొక్క అడుగు దూరమున నున్నది. అయినను ఫెర్మీ తొందరపడక, అందరిని భోజనమునకు పొమ్మనెను. తిరిగి వచ్చి, పని మరల మొదలిడి, 3 గంటల 25 నిమిషములకు కడ్డీని కడసారి లాగించెను. ఈసారి సూచిక ఆగలేదు, పెరుగుచునే పోయెను. శృంఖలా చర్య తనంతట తానే నడచుచుండెను. 28 నిమిషములు నడపి, ఫెర్మీ దానిని ఆపించెను. నాడు పుట్టిన శక్తి అర వాట్టు మాత్రమే. అది చిన్న టార్చిదీపమును వెలిగించుటకైనను చాలదు. కాని దానిని వెలిగింపవలెనన్న వెలిగింపవచ్చును, ఆర్పవలెనన్న ఆర్పవచ్చును. అదియే నాటి విజయము. విగ్నరు తెచ్చిన ఇటలీ ద్రాక్షసారాయమును కాగితపు గిన్నెలలో పోసికొని అందరును మౌనముగా త్రాగిరి. అందరును వెళ్ళిన పిమ్మట సిలార్డు ఫెర్మీ చేయి పట్టుకొని, మానవచరిత్రలో ఇది చీకటిదినముగా నిలిచిపోవునని తన భయమును వెల్లడించెను.

ఆ భయము నిరాధారము కాదు. హాన్‌ఫర్డులో కట్టిన మహా రియాక్టరు 1944 వ సంవత్సరము సెప్టెంబరులో నడువనారంభించి, కొన్ని గంటలకే తానుగా ఆగిపోయెను. చీలికలో పుట్టిన జీనానను వాయువు న్యూట్రానులను మ్రింగుటయే దానికి కారణమని తేలెను. అవసరమునకు మించి అదనపు గొట్టములను ముందుచూపుతో అమర్చిన ఇంజనీర్ల జాగ్రత్తయే నాడు ఆ కార్యమును కాపాడెను. అక్కడ పుట్టిన ప్లుటోనియముతో చేసిన బాంబును 1945 వ సంవత్సరము జూలై 16 వ తేదీన ఎడారిలో పరీక్షించిరి. పేలుడు గాలి వచ్చువేళ ఫెర్మీ చేతిలోని కాగితపు ముక్కలను జారవిడిచి, అవి ఎంతదూరము కొట్టుకొనిపోయినవో కొలిచి, పేలుడు బలమును సుమారు 10 వేల టన్నుల మందుగుండునకు సమానముగా అంచనా కట్టెను. నిజమునకు అది 20 వేల టన్నులకు పైబడినది. ఆగస్టు 6 వ తేదీన హిరోషిమాపైనను, 9 వ తేదీన నాగసాకిపైనను అణుబాంబులు పడెను. ఆ యేడు ముగియకమునుపే లక్షమందికి పైగా మరణించిరి. బాంబు వినియోగమును గూర్చి జూన్ నెలలో సలహా ఇచ్చిన నలుగురు శాస్త్రజ్ఞులలో ఫెర్మీ యొకడు. జనులపై ప్రయోగింపక యుద్ధమును ముగించు ప్రదర్శన మార్గమేదియు తమకు తోచలేదని వారు నాడు తెలిపియుండిరి.

1949 వ సంవత్సరమున అంతకంటె ఘోరమైన హైడ్రోజను బాంబును గూర్చి ప్రభుత్వము సలహా అడిగెను. ఈసారి ఫెర్మీయు, రాబీ అను శాస్త్రజ్ఞుడును వేరుగా అభిప్రాయము వ్రాసి, అట్టి ఆయుధము ధర్మవిరుద్ధమని స్పష్టముగా చెప్పిరి. ప్రభుత్వము ఆ సలహాను పాటింపలేదు. దానిని చేయ నిశ్చయించిన పిమ్మట ఫెర్మీయు ఆ పనిలో కొంత తోడ్పడెను. కావున అతని జీవితమున ఈ చిక్కుముడి విడిపోలేదనియే చెప్పవలెను.

యుద్ధానంతరము ఫెర్మీ షికాగో విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నుండి, ఎందరో శిష్యులను తీర్చిదిద్దెను. మన దేశీయుడగు సుబ్రహ్మణ్య చంద్రశేఖరుడు అక్కడ అతనికి సహోద్యోగి. వారిరువురును కలిసి నక్షత్రమండలమందలి అయస్కాంత క్షేత్రములను గూర్చి 1953 వ సంవత్సరమున వ్యాసములు ప్రకటించిరి. మరుసటి యేడు ఫెర్మీకి కడుపులో పుట్టకురుపు సోకినట్లు తెలిసెను. చికిత్సకు లొంగని వ్యాధి యని యెరిగియు అతడు ధైర్యము కోల్పోలేదు. చూడవచ్చిన సెగ్రేకు, ఆసుపత్రి మంచముపై పరుండి, తన శరీరములోనికి ఎక్కించు ద్రవాహారపు బొట్లను గడియారముతో లెక్కించుచున్న ఫెర్మీ కనబడెను. 1954 వ సంవత్సరము నవంబరు 28 వ తేదీన, ఏబదిమూడవ యేట, అతడు కన్నుమూసెను. నూరవ మూలకమునకు ఫెర్మియమని పేరుపెట్టి శాస్త్రలోకము అతనిని గౌరవించెను.

1956 వ సంవత్సరము ఆగస్టు 4 వ తేదీన మన దేశమున ట్రాంబేలో అప్సర యను రియాక్టరు నడువనారంభించెను. నేడు పెక్కు దేశములలో ఇట్టి రియాక్టర్లు విద్యుచ్ఛక్తినిచ్చుచున్నవి. వైద్యమునకు పనికివచ్చు పదార్థములను తయారుచేయునవియు కలవు. షికాగోలో నాటి బంతియాట గది ఇప్పుడు లేదు. ఆ స్థలమున హెన్రీ మూర్ అను శిల్పి చేసిన కంచువిగ్రహము 1967 వ సంవత్సరము డిసెంబరు 2 వ తేదీన ప్రతిష్ఠింపబడెను. దాని పైభాగము ఒకవైపునుండి చూచువారికి బాంబు పేలినపుడు లేచు మేఘమువలెను, మానవుని పుర్రెవలెను తోచును. క్రిందిభాగము దేవాలయపు మండపమువలె కనబడును.

న్యూట్రాను వేగమును, కాగితపు ముక్క పోయిన దూరమును, తన శరీరములోనికి దిగు ద్రవబిందువులను ఫెర్మీ కొలిచెను. తన తప్పును దాచక దిద్దుకొనెను. గెలుపు గుమ్మమున నిలిచియు తొందరపడలేదు. కాని కనుగొన్న శక్తిని దేనికి వినియోగింపవలెనను ప్రశ్నను కొలుచు సాధనము అతని కడ లేదు. అది ఏ పరిశోధనాలయమందును దొరకునది కాదు. కడ్డీని ఎంతవరకు లాగవలెనో, ఎప్పుడు లోనికి నెట్టవలెనో నిర్ణయించు వివేకము శాస్త్రజ్ఞునకే కాక, ఆ శక్తి ఫలమును అనుభవించు ప్రతి పౌరునకును అవసరము.